చైనా ఉద్యోగి మౌనం అంగీకారం కాదు: 996 చెప్పని లెక్క

వారానికి 70 గంటలు పని చేయాలని 2023లో చెప్పి దేశమంతటా చర్చకు తెర లేపిన ఇన్ఫోసిస్ సహ వ్యవస్థాపకుడు నారాయణమూర్తి, 2025 నవంబర్‌లో ఒక టీవీ ఇంటర్వ్యూలో మళ్లీ అదే మాట ఎత్తారు. ఈసారి చైనాను ఉదాహరణగా చూపించారు. ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా, వారానికి 6 రోజులు. చైనాలో దీన్నే 996 అంటారు. లెక్కేస్తే వారానికి 72 గంటలు. సోషల్ మీడియాలో కొందరు భేష్ అన్నారు, కొందరు మండిపడ్డారు. ఈ గోలలో ఒక సంగతి మరుగున పడింది. ఆ 996 చట్టవిరుద్ధమని చైనా సుప్రీం పీపుల్స్ కోర్టు, అక్కడి కార్మిక శాఖ కలిసి 2021 ఆగస్టులోనే తేల్చి చెప్పాయి.

ఇది టీవీ చర్చతో పోయే విషయం కాదు. 2020లో గల్వాన్ ఘర్షణ తర్వాత ఐదేళ్లు మూసుకుపోయిన దారులు మళ్లీ తెరుచుకుంటున్నాయి. చైనా పౌరులకు భారత్ 2025 జులైలో టూరిస్ట్ వీసాలు మళ్లీ మొదలుపెట్టింది. అక్టోబర్‌లో కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకు నేరుగా విమానం ఎగిరింది. బొమ్మలు, బ్యాగులు, మొబైల్ యాక్సెసరీలు, ఫ్యాన్సీ సామాను తెచ్చుకునే మన వ్యాపారులకు గ్వాంగ్‌జౌ, యివు కొత్త ఊళ్లేమీ కావు. అక్కడే చిన్న ఆఫీసు పెట్టి ముగ్గురు నలుగురు చైనా ఉద్యోగులతో కారోబార్ నడిపే భారతీయులూ ఉన్నారు. పెద్ద స్థాయిలో చూస్తే, హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్‌కు షాంఘై దగ్గరి కున్‌షాన్‌లో ఎప్పటినుంచో జాయింట్ వెంచర్ ఉంది.

అలాంటి ఆఫీసుల్లో మేనేజర్‌గా వెళ్లేవాళ్లకు ముందుగా అందే సలహా ఒకటే: ‘చైనా సంస్కృతి అర్థం చేసుకో’. చైనావాళ్లు పెద్దలకు ఎదురు చెప్పరు, రాత్రీపగలూ కష్టపడతారు, పరువంటే ప్రాణం ఇస్తారు, పరిచయాల మీదే పని నడుస్తుంది. మేనేజ్‌మెంట్ పాఠాలన్నీ ఇలాగే సాగుతాయి. వీటిలో కొంత నిజం లేకపోలేదు. అయితే ఈ సగం నిజాన్ని నమ్ముకుని ఆఫీసు నడిపేవాళ్లు మిగతా సగాన్ని లేబర్ ఆర్బిట్రేషన్ నోటీసు వచ్చాక నేర్చుకోవాల్సి వస్తుంది.

మీటింగులో ఎందుకు మాట్లాడరు?

భారతీయ మేనేజర్లు తరచూ చెప్పే ఫిర్యాదు ఇది. మీటింగులో అందరూ తల ఊపుతారు. ‘అర్థమైందా’ అంటే అయిందంటారు. ‘సమస్య ఏమైనా ఉందా’ అంటే ‘మెయ్ వెన్‌తీ’, అంటే ఏమీ లేదంటారు. తీరా సరుకు పంపాల్సిన రోజున సగం పని అలాగే ఉంటుంది. మన ఆఫీసుల్లో అయితే మీటింగులోనే వాదన మొదలవుతుంది, ఒకరి మాట మీద ఇంకొకరు మాట్లాడతారు. అక్కడ ఆ గోల వినిపించదు.

దీనికి పుస్తకాలు చెప్పే కారణం ‘మియాన్‌జి’. మాటకు మాట ‘ముఖం’. మనవాళ్ల భాషలో ఇజ్జత్. నలుగురిలో తప్పు ఎత్తి చూపితే చూపించినవాడి మర్యాదా పోతుంది, పడినవాడి మర్యాదా పోతుంది. కాబట్టి అందరి ముందు తిట్టొద్దు, పక్కకు పిలిచి చెప్పండి, ‘అర్థమైందా’ అని కాకుండా ‘మొదట ఏం చేస్తారు, తర్వాత ఏం చేస్తారు’ అని అడగండి అంటారు. మంచి సలహానే. కానీ ఇజ్జత్ అనేది చైనాలోనే పుట్టిన వింత గుణం కాదు. నలుగురిలో మాట పడటం హైదరాబాద్‌లో మాత్రం ఎవరికి ఇష్టం?

అసలు ప్రశ్న వేరే ఉంది. నోరు తెరిస్తే ఉద్యోగికి ఏం ఒరుగుతుంది, తెరవకపోతే ఏం పోతుంది? చైనాలో కార్మిక సంఘాలన్నీ ఆల్ చైనా ఫెడరేషన్ ఆఫ్ ట్రేడ్ యూనియన్స్ అనే ఒకే గొడుగు కింద, పార్టీ అదుపులో ఉంటాయి. ఉద్యోగులు సొంతంగా యూనియన్ పెట్టుకోవడం కుదరదు. సమ్మె హక్కును 1982లో రాజ్యాంగం నుంచి తీసేశారు. ఆఫీసులో సమస్య లేవనెత్తినవాడికి వెనక నిలబడేవాళ్లు ఉండరు. పైగా సమస్య చెప్పినవాడి నెత్తినే దాన్ని పరిష్కరించే పనీ పడుతుంది. ఇన్ని లెక్కలు చూసుకుని మీటింగులో మౌనంగా కూర్చునేవాడిని సంస్కృతికి బానిస అనడం తేలిక. నిజానికి అతను తన లాభనష్టాలు బేరీజు వేసుకుంటున్నాడు.

మాట్లాడే చోటు లేని ఉద్యోగికి మూడు దారులు మిగులుతాయి. బోనస్ చేతికందాక చెప్పకుండా వెళ్లిపోవడం. కాగితాలు జాగ్రత్త చేసుకుని ఆర్బిట్రేషన్‌కు ఎక్కడం. ఇక భరించలేనప్పుడు అందరూ ఒక్కసారిగా పని ఆపేయడం. చైనాలో పని చేయించేవాళ్లు ఈ మూడింటినీ చూశారు.

‘విధేయ కార్మికుడి’ మరో ముఖం

2010 మేలో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం ఫోషాన్‌లోని హోండా విడిభాగాల ఫ్యాక్టరీలో దాదాపు 1,800 మంది పని ఆపేశారు. అక్కడ తయారయ్యే గేర్‌బాక్సులు రాకపోవడంతో చైనాలోని హోండా కార్ల అసెంబ్లీ ప్లాంట్లూ ఆగిపోయాయి. చివరకు కంపెనీ జీతాలు పెంచక తప్పలేదు. 2014 ఏప్రిల్‌లో డాంగ్‌గువాన్‌లో నైకీ, అడిడాస్ లాంటి బ్రాండ్లకు బూట్లు కుట్టే యూ యువెన్ ఫ్యాక్టరీల్లో సుమారు 40 వేల మంది రోడ్డెక్కారు. వాళ్లు అడిగింది జీతం పెంపు ఒక్కటే కాదు. ఏళ్ల తరబడి తమ పేరు మీద పూర్తిగా కట్టని సోషల్ ఇన్సూరెన్స్ సొమ్ము సంగతేమిటని నిలదీశారు. 2022 నవంబర్‌లో జెంగ్‌జౌలోని ఫాక్స్‌కాన్ ఐఫోన్ ఫ్యాక్టరీలో చెప్పిన బోనస్ ఒకటి, కాగితంలో ఉన్నది ఇంకొకటి అంటూ కొత్త కార్మికులు తిరగబడ్డారు. జీతాల లెక్కలో సాంకేతిక పొరపాటు జరిగిందని కంపెనీ క్షమాపణ చెప్పింది. వెళ్లిపోతామన్నవాళ్లకు 10 వేల యువాన్లు ఇస్తామని ప్రకటించింది.

మూడు ఊళ్లు, మూడు కంపెనీలు, పన్నెండేళ్ల కాలం. అన్నిచోట్లా గొడవకు మూలం డబ్బు లెక్క. అన్నిచోట్లా మేనేజ్‌మెంట్ ముందురోజు దాకా ‘అంతా ప్రశాంతంగా ఉంది’ అనుకునే ఉంటుంది.

996 ఎలా పుట్టింది, ఎలా వెనక్కి తగ్గింది

చైనా లేబర్ లా 1995 జనవరి నుంచి అమల్లో ఉంది. రోజుకు 8 గంటలు, అదే ఏడాది వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వుతో వారానికి 40 గంటలు. ఓవర్‌టైమ్ ఎంత చేయించినా నెలకు 36 గంటలు దాటకూడదు. మామూలు రోజున ఓవర్‌టైమ్‌కు ఒకటిన్నర రెట్లు, బదులు సెలవు ఇవ్వకుండా వారాంతంలో చేయిస్తే రెండు రెట్లు, పండగ సెలవుల్లో చేయిస్తే మూడు రెట్లు జీతం ఇవ్వాలి. 996 లెక్కలో రోజుకు రెండు గంటలు తిండికి, విశ్రాంతికి తీసేసినా వారానికి 60 గంటల పని ఉంటుంది. అంటే నెల మొత్తానికి ఉన్న ఓవర్‌టైమ్ కోటా రెండు వారాలు తిరగకుండానే అయిపోతుంది.

చట్టం అలా ఉన్నా టెక్ కంపెనీల్లో 996 మామూలైపోయింది. 2019 మార్చిలో ప్రోగ్రామర్లే గిట్‌హబ్‌లో ‘996.ఐసీయూ’ పేరుతో నిరసన పేజీ పెట్టారు. 996 చేస్తే చివరకు చేరేది ఐసీయూకే అని దాని అర్థం. తర్వాతి నెలలో అలీబాబా వ్యవస్థాపకుడు జాక్ మా 996 దొరకడం అదృష్టమన్నట్టు మాట్లాడితే జనం విరుచుకుపడ్డారు. 2021 ఆగస్టు 26న సుప్రీం పీపుల్స్ కోర్టు, కార్మిక శాఖ కలిసి ఓవర్‌టైమ్‌పై 10 కేసుల వివరాలు విడుదల చేశాయి. 996 ఒప్పుకోని ఉద్యోగిని తీసేయడం కుదరదని, ఓవర్‌టైమ్ డబ్బు వద్దని రాయించుకున్న కాగితం చెల్లదని అందులో స్పష్టం చేశాయి.

ఆ తర్వాత 996 మాయమైందని కాదు. ఇంకా చాలాచోట్ల నడుస్తోంది. కానీ గాలి మాత్రం మారింది. 2025 ఆరంభంలో మిడియా కంపెనీ సాయంత్రం 6.20కల్లా ఆఫీసు వదిలి వెళ్లాలని ఉద్యోగులకు చెప్పింది. డ్రోన్ల కంపెనీ డీజేఐ రాత్రి 9 తర్వాత ఎవరూ ఉండొద్దంది. హైయర్ వారానికి రెండు రోజుల సెలవు తప్పనిసరి చేసింది. ఇదంతా ఉద్యోగుల మీద ప్రేమతోనే అనుకోలేం. మనుషులకు తీరిక దొరికితేనే బజారుకు వెళ్తారు, ఖర్చు పెడతారు. కొనుగోళ్లు పడిపోయి బాధపడుతున్న చైనాకు ఇప్పుడు అదే కావాలి. 2025 నుంచి ప్రభుత్వ సెలవులు కూడా 11 నుంచి 13కు పెరిగాయి.

ఆఫీసు వదిలాక ఫోన్‌లో వెంటాడటం కూడా ఇప్పుడు ఖరీదైన పనే. చైనా ఆఫీసులు వీచాట్, డింగ్‌టాక్ మీద నడుస్తాయి. మెసేజ్ ఎవరు చదివారో, ఎవరు చదవలేదో కూడా డింగ్‌టాక్ చూపిస్తుంది. బీజింగ్ కోర్టు ఒక కేసులో ఆఫీసు వేళల తర్వాత వీచాట్‌లో చేసిన పనిని ఓవర్‌టైమ్‌గా లెక్కగట్టి 30 వేల యువాన్లు ఇప్పించింది. చైనాకూ మనకూ రెండున్నర గంటల తేడా. హైదరాబాద్‌లో సాయంత్రం 7 గంటలకు మాలిక్ పంపే మెసేజ్ యివులో రాత్రి 9.30కు మోగుతుంది. రోజూ ఇదే తంతు అయితే ఆ వీచాట్ చాట్ అంతా రేపు సాక్ష్యంగా నిలుస్తుంది.

కాగితం లేకపోతే రెట్టింపు

2008 జనవరి 1న వచ్చిన లేబర్ కాంట్రాక్ట్ లా గురించి చిన్న వ్యాపారులు ముందుగా తెలుసుకోవాలి. మాట మీద ఉద్యోగంలో పెట్టుకోవడం మన బజార్లలో మామూలు. చైనాలో చేరిన నెలలోపు రాతపూర్వక కాంట్రాక్టు ఉండాలి. లేకపోతే రెండో నెల నుంచి ఏడాది నిండే దాకా రెట్టింపు జీతం అడిగే హక్కు ఉద్యోగికి ఉంది. ఏడాది దాటినా రాయకపోతే గడువు లేని కాంట్రాక్టు ఉన్నట్టే లెక్క. ప్రొబేషన్ ఎంత పెట్టినా 6 నెలలు మించకూడదు.

తీసేయాలన్నా ఇష్టం వచ్చినట్టు కుదరదు. పని చేతకాదని తీసేయాలంటే ముందు శిక్షణ ఇవ్వాలి, లేదా వేరే పనికి మార్చాలి. అప్పటికీ చేయలేకపోతేనే నోటీసు. ర్యాంకింగ్‌లో అట్టడుగున ఉన్నాడన్న ఒక్క కారణంతో తీసేయడం కుదరదని జెడ్‌టీఈ కేసులో వచ్చిన తీర్పును 2013లో సుప్రీం పీపుల్స్ కోర్టు మార్గదర్శక కేసుగా ప్రకటించింది.

చైనా ఉద్యోగులు ‘ఎన్’, ‘ఎన్+1’, ‘2ఎన్’ అని మాట్లాడుకోవడం వినిపిస్తుంది. ఎన్ అంటే పనిచేసిన ఏళ్లు, ఏడాదికి ఒక నెల జీతం. 30 రోజుల ముందు నోటీసు ఇవ్వకపోతే ఇంకో నెల జీతం కలుస్తుంది. చట్టవిరుద్ధంగా తీసేస్తే రెట్టింపు. ఉదాహరణకు నెలకు 8 వేల యువాన్ల జీతంతో నాలుగేళ్లు పనిచేసిన ఉద్యోగి ఉన్నారనుకుందాం. ఎన్ అంటే 32 వేలు. ఎన్+1 అంటే 40 వేలు. 2ఎన్ అంటే 64 వేలు. యువాన్‌ను 12 రూపాయల చొప్పున లెక్కేస్తే చివరిది దాదాపు 7 లక్షల 68 వేల రూపాయలు. ‘రేపటి నుంచి రావొద్దు’ అని కోపంలో అనే ఒక్క మాట ఖరీదు అది.

ఆర్బిట్రేషన్‌కు వెళ్లడానికి ఉద్యోగి ఫీజు కట్టాల్సిన పని లేదు. వివాదం మొదలైన ఏడాదిలోపు వెళితే చాలు. అందుకే మీటింగులో నోరు విప్పని మనిషి హాజరు రికార్డు, వీచాట్ స్క్రీన్‌షాట్లు, జీతం రసీదులు పద్ధతిగా దాచుకుంటాడు. దాన్ని నమ్మకద్రోహం అనుకునే మేనేజర్లున్నారు. మాట్లాడటానికి వేరే చోటు లేనివాడికి ఆ కాగితాలే గొంతు.

‘ఇన్సూరెన్స్ వద్దు, క్యాష్ ఇవ్వండి’

చిన్న ఆఫీసుల్లో తరచూ జరిగే ఒప్పందం ఒకటుంది. చైనాలో ఉద్యోగి పేరు మీద యజమాని పెన్షన్, వైద్యం, నిరుద్యోగం, పని ప్రమాదం, ప్రసూతి బీమా కట్టాలి. జీతంలో ఇది చిన్న మొత్తం కాదు. ఉద్యోగి వాటా కూడా కట్ అవుతుంది. సొంతూరికి దూరంగా పనిచేసే కుర్రాళ్లు చాలామంది, ఎప్పుడో వచ్చే పెన్షన్ ఎందుకు, ఆ డబ్బు ఇప్పుడే చేతికిమ్మంటారు. యజమానికీ మిగులుతుంది. ఇద్దరూ సంతోషంగా కాగితం మీద సంతకాలు పెట్టేస్తారు.

ఆ కాగితానికి విలువ లేదని సుప్రీం పీపుల్స్ కోర్టు మళ్లీ గట్టిగా చెప్పింది. 2025 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వివరణ ప్రకారం, సోషల్ ఇన్సూరెన్స్ కట్టనక్కర్లేదని రాసుకున్న ఏ ఒప్పందమైనా చెల్లదు. సంతకం పెట్టింది ఉద్యోగే అయినా సరే, బీమా కట్టలేదన్న కారణంతో ఉద్యోగం మానేసి పరిహారం అడగవచ్చు. అతని ఇష్టప్రకారమే చేశామని యజమాని వాదించినా నిలవదు.

మరో చిక్కు ఉంది. విదేశీ కంపెనీ తరఫున కేవలం రిప్రజెంటేటివ్ ఆఫీసు పెట్టుకున్నవాళ్లు చైనా ఉద్యోగులను నేరుగా నియమించుకోలేరు. ఫెస్కో లాంటి ఏజెన్సీ ద్వారానే తీసుకోవాలి. ఆఫీసు తెరిచే ముందే ఈ ఖర్చులన్నీ లెక్కలో వేసుకోవాలి. జీతం ఒక్కటే ఖర్చనుకుని వెళ్లినవాళ్ల లాభం ఇక్కడే కరిగిపోతుంది.

యివులో దుబాసీ, రేపటి పోటీదారు

జెజియాంగ్ రాష్ట్రంలోని యివు ప్రపంచంలోనే అతి పెద్ద చిల్లర సరుకుల హోల్‌సేల్ బజారు. 75 వేల దాకా దుకాణాలున్నాయి. అరబ్ దేశాలు, పాకిస్తాన్, ఆఫ్రికా, భారత్ నుంచి వచ్చిన వ్యాపారులతో జుమా రోజు అక్కడి మసీదు కిక్కిరిసిపోతుంది. హలాల్ హోటళ్లకు కొదవ లేదు. ఈ ఊరి వ్యాపారంలో హుయి ముస్లింల పాత్ర ప్రత్యేకమైనది. నింగ్‌షియా లాంటి పేద ప్రాంతాల నుంచి వచ్చిన వీళ్లలో చాలామంది మదర్సాల్లో అరబీ నేర్చుకున్నారు. ఆ అరబీయే యివులో వాళ్లకు దుబాసీ ఉద్యోగమైంది, బతుకుతెరువైంది.

బయటి వ్యాపారి దగ్గర రెండు మూడేళ్లు దుబాసీగా పనిచేసి, ఏ ఫ్యాక్టరీలో ఏ ధర దొరుకుతుందో, ఏ కస్టమర్‌కు ఏం కావాలో నేర్చుకుని, తర్వాత సొంత ట్రేడింగ్ కంపెనీ పెట్టుకున్నవాళ్లు యివులో ఎందరో. పరిచయాల బలాన్ని చైనాలో ‘గువాన్‌షి’ అంటారు. మన భాషలో జాన్‌పహచాన్. పుస్తకాలు దీన్ని ఏదో రహస్య విద్యలా చెబుతాయి. యివులో అది సూటిగా అర్థమవుతుంది. ఫ్యాక్టరీతో పరిచయం ఉద్యోగి వీచాట్‌లో ఉంది. ఉద్యోగి వెళితే పరిచయం కూడా వెళ్లిపోతుంది.

దీనికి మనవాళ్లు వెతికే మందు ‘మళ్లీ ఈ లైన్‌లోకి రాను’ అని రాయించుకోవడం. చట్టం దానికీ లెక్క పెట్టింది. పోటీ నిషేధం సీనియర్ మేనేజర్లు, సీనియర్ సాంకేతిక నిపుణులు, కంపెనీ రహస్యాలు తెలిసినవాళ్లకే వర్తిస్తుంది. రెండేళ్లు మించకూడదు. ఆ కాలమంతా నెలనెలా పరిహారం ఇవ్వాలి. ఎంతో రాసుకోకపోతే, నిషేధాన్ని పాటించిన ఉద్యోగి చివరి ఏడాది సగటు జీతంలో 30 శాతం చొప్పున అడగవచ్చు. డబ్బు ఇవ్వకుండా చేతులు కట్టేయడం కుదరదు. దానికంటే కమిషన్‌లో వాటా ఇచ్చి మనిషిని నిలుపుకోవడమే చౌక.

ఊరు, పండగ, 35 ఏళ్ల భయం

చైనా ఉద్యోగి ఎప్పుడు మానేస్తాడో చెప్పే క్యాలెండర్ ఒకటుంది. ఏడాది చివరి బోనస్ స్ప్రింగ్ ఫెస్టివల్ ముందు వస్తుంది. పండగకు ఊరెళ్లినవాళ్లలో కొందరు తిరిగి రారు. జనవరి, ఫిబ్రవరి ఆర్డర్లు పెట్టే వ్యాపారులకు ఈ దెబ్బ కొత్త కాదు. దీని వెనక హుకౌ అనే రిజిస్ట్రేషన్ పద్ధతి ఉంది. సొంతూరు వదిలి పనిచేసే వలస కార్మికులు చైనాలో దాదాపు 30 కోట్ల మంది. పనిచేసే నగరంలో హుకౌ లేకపోతే పిల్లల చదువు, వైద్యం, చివరకు కాలేజీ ప్రవేశపరీక్ష దాకా ఇబ్బందులే. పిల్లలు ఊళ్లో తాత నానమ్మల దగ్గర పెరుగుతారు. ఏడాదికోసారి వాళ్లను చూడబోయే తండ్రికి ‘రెండు రోజులు ఆగి వెళ్లు’ అని చెప్పే మేనేజర్, ఆ ఒక్క మాటతో మూడేళ్ల నమ్మకం పోగొట్టుకుంటాడు.

కుర్రకారు లెక్క ఇంకోలా ఉంది. 2023 జూన్‌లో నగరాల్లో 16-24 ఏళ్ల యువత నిరుద్యోగం 21.3 శాతానికి చేరింది. ఆ తర్వాత కొన్ని నెలలు ప్రభుత్వం ఆ అంకెలు ఇవ్వడమే ఆపేసింది, విద్యార్థులను పక్కనపెట్టి కొత్త లెక్క మొదలుపెట్టింది. 2025లో కాలేజీల నుంచి బయటికొచ్చినవాళ్లు కోటీ 22 లక్షల మంది. ఇంత పోటీలో ఎంత పరిగెత్తినా ఉన్నచోటే ఉంటున్నామన్న విసుగును ‘నెయ్‌జువాన్’ అంటున్నారు. ఇక పరిగెత్తను, పడుకుంటాను అనే ధోరణికి 2021 నుంచి ‘తాంగ్ పింగ్’ అని పేరు. మరోపక్క 35 దాటితే కొత్త ఉద్యోగం దొరకదన్న భయం. ప్రభుత్వ ఉద్యోగ పరీక్షకే ఆ వయసు గడప చాలాకాలం ఉండేది. 2025 అక్టోబర్‌లో దాన్ని 38కి పెంచారు.

పెద్ద కంపెనీల్లోని పెద్దలకే ఈ మార్పు అంతుపట్టలేదు. 2024 మేలో బైదూ ప్రజాసంబంధాల అధిపతి చూ జింగ్, ఉద్యోగుల ఇంటి సంగతులు తనకు అనవసరమన్న ధోరణిలో వీడియోలు పెట్టారు. దేశమంతా భగ్గుమంది. ఆమె క్షమాపణ చెప్పారు, ఉద్యోగమూ పోయింది. చైనా మేనేజరే చైనా ఉద్యోగులను అర్థం చేసుకోలేకపోయిన సందర్భమిది. దీన్ని ఏ సంస్కృతి ఖాతాలో రాయాలి?

మర్యాదలు తెలియాలి, హద్దులూ తెలియాలి

రోజువారీ మర్యాదలు పనికిరావని కాదు. మధ్యాహ్నం 12 కాగానే భోజనం, తర్వాత టేబుల్ మీదే తల వాల్చి కునుకు. కొత్తగా వెళ్లిన భారతీయ మేనేజర్‌కు ఇది బద్ధకంలా కనబడుతుంది. అక్కడ అది మామూలు. పేరు పెట్టి పిలవకుండా ఇంటిపేరుకు హోదా కలిపి ‘వాంగ్ మేనేజర్’ అన్నట్టు పిలవడం గౌరవం. ఇవి నేర్చుకోవడానికి వారం రోజులు చాలు.

ముస్లిం మేనేజర్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది విందుల్లో మద్యం. ‘తాగకపోతే వ్యాపారం పోతుంది’ అని భయపెట్టేవాళ్లుంటారు. మద్యానికి బదులు టీ కప్పు ఎత్తి శుభాకాంక్షలు చెప్పడం చైనాలో ఎప్పటినుంచో ఉన్న మర్యాదే. ముందే చెబితే చాలు. పైగా బలవంతంగా తాగించే విందులంటే అక్కడి కొత్త తరానికే చిరాకు. అలాగే కింది ఉద్యోగుల్లో హుయి ముస్లింలుంటే ఈద్ సెలవు సంగతి గుర్తుంచుకోవాలి. నింగ్‌షియాలో రెండు ఈద్‌లకూ ప్రభుత్వ సెలవు ఉంది. జెజియాంగ్‌లో లేదు. అక్కడ ఇవ్వాల్సింది యజమానే.

చైనా కార్మికుల గురించి మాట్లాడుతూ ఉయ్‌గుర్ ముస్లింల ఊసెత్తకపోతే లెక్క పూర్తికాదు. షిన్‌జియాంగ్ నుంచి ప్రభుత్వ పథకాల కింద ఇతర రాష్ట్రాల ఫ్యాక్టరీలకు పంపే కార్మికులకు కాదనే స్వేచ్ఛ లేదన్న ఆరోపణలు ఏళ్లుగా ఉన్నాయి. షిన్‌జియాంగ్‌లో జరిగింది మానవత్వానికి వ్యతిరేకమైన నేరాలు కావచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2022 ఆగస్టు నివేదికలో పేర్కొంది. చైనా దీన్ని ఖండిస్తోంది. షిన్‌జియాంగ్ సరుకును బలవంతపు చాకిరీతో తయారైనదిగానే భావించి ఆపే అమెరికా చట్టం 2022 జూన్ నుంచి అమల్లో ఉంది. కాదని రుజువు చేయాల్సిన భారం దిగుమతిదారుదే. తన సరుకు ఎవరి చేతుల్లో తయారైందని వ్యాపారి అడగడానికి ఈమాన్ చాలు. అది చాలనివాళ్లకు ఈ చట్టం ఉంది.

మనకు ఏం చెబుతోంది?

చట్టాలు బాగున్నాయి కాబట్టి చైనా కార్మికుల స్వర్గమని ఎవరూ అనరు. చట్టం కాగితం మీద ఒకలా, ఫ్యాక్టరీలో ఇంకోలా ఉంటుంది. స్థానిక అధికారులు పెద్ద పెట్టుబడిదారుల వైపు చూసీచూడనట్టు ఉంటారు. కార్మికుల తరఫున గొంతెత్తినవాళ్లు జైళ్లకు వెళ్లారు. కానీ పెద్ద కంపెనీ తప్పించుకున్న చోట చిన్న విదేశీ ఆఫీసు తప్పించుకోలేదు. దానికి పలుకుబడి ఉండదు, భాష రాదు. ‘ఇక్కడ అందరూ ఇలాగే చేస్తారు’ అన్న మాటకు ఆర్బిట్రేషన్‌లో విలువ ఉండదు.

ఇప్పుడు ఈ అద్దం మన వైపు కూడా తిరిగింది. తమిళనాడు, కర్ణాటకలోని ఐఫోన్ ఫ్యాక్టరీల నుంచి 300 మందికి పైగా చైనా ఇంజనీర్లను ఫాక్స్‌కాన్ వెనక్కి పిలిపించిందని 2025 జులైలో బ్లూమ్‌బర్గ్ రాసింది. అదే ఫాక్స్‌కాన్‌కు హైదరాబాద్ శివారు కొంగరకలాన్‌లోనూ ఫ్యాక్టరీ ఉంది. హైదరాబాద్ కంపెనీ ఒలెక్ట్రా చైనా కంపెనీ బీవైడీ సాంకేతికతతో ఎలక్ట్రిక్ బస్సులు తయారు చేస్తోంది. రాకపోకలు పెరిగితే రెండు దేశాల ఉద్యోగులు ఒకే షాప్‌ఫ్లోర్‌లో కలిసి పనిచేయక తప్పదు. అదే 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవడానికి అనుమతి ఇచ్చింది. వారానికి 48 గంటల పరిమితి మాత్రం అలాగే ఉంచింది.

చైనా చేసి చూసి, కోర్టుదాకా వెళ్లి, వెనక్కి తగ్గుతున్న పద్ధతిని ఇక్కడ కొందరు విజయ రహస్యంగా చూపిస్తున్నారు. చైనా ఎదిగింది 996 వల్ల ఒక్కటే కాదు. రోడ్లు, రేవులు, కరెంటు, చదువు, పక్కపక్కనే ఉన్న వేల సప్లయర్లు, ఇవన్నీ కలిసి చేసిన పని అది. గంటలను మాత్రం కాపీ కొట్టి మిగతావి వదిలేస్తే మిగిలేది అలసట.

చైనా ఉద్యోగులతో పని చేయించేవాళ్లకైనా, రేపు చైనా మేనేజర్ల కింద పనిచేయబోయే మన పిల్లలకైనా తెలియాల్సింది ఒకటే. మౌనంగా ఉన్నవాడు ఒప్పుకున్నాడని కాదు, లెక్క రాసుకుంటున్నాడని అర్థం. కాంట్రాక్టు చేతికిచ్చి, ఇన్సూరెన్స్ కట్టి, వేళకు ఇంటికి పంపి, ఆ తర్వాత ‘ఏమైనా సమస్య ఉందా’ అని అడిగితే, ‘మెయ్ వెన్‌తీ’ అనే జవాబు నిజంగానే ‘ఏమీ లేదు’ అయ్యే అవకాశం ఉంటుంది.